వైకుంఠపాళి – పాఠవిచారము

వైకుంఠపాళి యనియుఁ బరమపదసోపానపటమనియు రెండు పేళ్లతోఁ దెలుఁగువారి యిండ్లలో వ్యాప్తమైన యాటను బాలక్రీడగా నెంచి పండితులు దానిజోలికిఁ బోకుండుట వాడుక యైనది. తాటాకుమీఁద నాలుగు పద్యములు కనఁబడినచో వాని పాఠభేదములను గుర్తింతుము. కర్తృకాలములను నిర్ణయింపఁ బూనుకొందుము. పటముమీఁద వ్రాయఁబడిన డెబ్బది యెనుబది పేళ్లను మాత్రము చదువము. ఒక సభలో నేనీ ప్రసంగము నెత్తఁగా వృద్ధులగు నొక శాస్త్రులుగారు "గవ్వలాటకుఁ గూడ వ్యాఖ్యానమా?" యని నవ్విరి. వారి ప్రశ్నకు సమాధానముగానే యీ వ్యాసము పుట్టినది. ఈ పటము గ్రంథమే యనియు, గ్రంథములకువలెనే దీనికిని బాఠము, పాఠభేదము, లేఖకప్రమాదము కలవనియు, ఆ పాఠమును దొలఁగించి బొమ్మలను మాత్రము నిలిపినచో మిగులునది వేఱొక యాటయే యనియు నా పక్షము.

ఆడు తీరు తెలియనివారు లేరు. ఐనను వాదమునకు వలసినంత చెప్పెదను. పటము గడులుగా విభక్తమై యుండును. అడుగు వరుస యెడమనుండి కుడికిని, దానిపైది కుడినుండి యెడమకును, ఇట్లు మలుపులు తిరుగుచు లెక్క మీఁదికి నడచును. గవ్వలు గాని, యొకప్రక్క నరగఁదీసిన చింతపిక్కలు గాని వేసి, పడిన పందెమునుబట్టి కాయను గదపుదురు. నిచ్చెన మొదటఁ బడినవాఁడు దాని కొన కెక్కును. పాముతలమీఁదఁ బడినవాఁడు తోఁకకడకు దిగును. ఇంతకుమించి విధి లేదు. చదరంగమునందువలె నెత్తుగడ లేదు. పచ్చీసునందువలె నాలుగు కాయలలో దేనిని గదపవలెనను నాలోచనయైన లేదు. ఆడువాని బుద్ధికి నించుకయుఁ బనిలేని యాటలో రసమెక్కడనుండి వచ్చును? గడిలో వ్రాసియున్న పేరునుండియే వచ్చును. "అహంకారముమీఁదఁ బడితివి, క్రోధములోనికి దిగుము" అని యవ్వ చెప్పఁగా మనుమఁడు మూతి ముడుచుకొనుట యీ యాటయందలి కథాంశము. ఆ రెండు పేళ్లు లేనిచో మిగిలినది అంకెలు తగ్గుట మాత్రమే. వైష్ణవుల యిండ్లలో వైకుంఠైకాదశినాఁటి జాగరమునకు నీ పటమును బఱచుకొను నాచారము పుట్టుటకును గారణమిదియే. పేళ్లు చదువుటయే యొక స్మరణమగును.

ఇఁక నామవిచారము. "పాళి" యనునది సంస్కృత పాలిశబ్దమే. లకార ళకారములకు భేదము లేదనుట శాస్త్రజ్ఞు లంగీకరించినదే. అమరసింహుఁడు నానార్థవర్గమున దీనికి అంచు, చిహ్నము, పంక్తి యను నర్థములఁ జెప్పెను. ఇచటఁ బంక్త్యర్థమే గ్రాహ్యము. కలపు పాళితో నీ పదమునకు సంబంధము కల్పించుట యూహ మాత్రమే. వైకుంఠముయొక్క పాళి యని షష్ఠీసమాసముగా విగ్రహించినచో గడులన్నియు వైకుంఠమునకే చెందవలసి వచ్చును. క్రోధమును మదమును వైకుంఠపుఁ బంక్తు లెట్లగును? వైకుంఠమును జేర్చెడి పాళి యని మధ్యమపదలోపిసమాసముగాఁ జెప్పుట యుచితము.

రెండవ పేరు మఱింత విచారింపఁదగినది. పరమపదశబ్దము విష్ణుస్థానపరమగుట క్రొత్త గాదు. ఋగ్వేదము ప్రథమమండలమున 22వ సూక్తమునందే విష్ణువుయొక్క పరమమైన పదము ప్రస్తుతింపఁబడినది. చిక్కు సోపానశబ్దమునొద్దఁ గలదు. అమరుఁడు ఆరోహణమునకు సోపానమనియు, అధిరోహిణికి నిశ్శ్రేణి యనియు వేఱువేఱు పేళ్లు పెట్టెను. మన "నిచ్చెన" యీ నిశ్శ్రేణికిఁ దద్భవము. సోపానమనఁగా మెట్లు, నిశ్శ్రేణి యనఁగా నిచ్చెన. పటమునందుఁ జిత్రింపఁబడినవి నిచ్చెనలు. పేరు చూడఁగా సోపానపటము! పెట్టినవాఁడు పదభేద మెఱుఁగక పెట్టెనా? నా కట్లు తోఁపదు. మెట్లనునవి యీ పటమున గడులే. ఒక్కొక్క వరుస యెక్కుచుఁ బోవు పటమంతయు సోపానము. నిచ్చెన యన్ననో నడుమ మెట్లను దాఁటించెడి దగ్గఱిదారి. సాధకునకు సహజమైన గతి సోపానము; దయయో దానమో భక్తియో కలిగినప్పుడు దొరకు విశేషగతి నిచ్చెన. ఇట్లు గ్రహించినచోఁ బేరు నిర్దుష్టము. ఆంగ్లభాషలో దీనికి "పాములు నిచ్చెనలు" అను నర్థముగల పేరు పెట్టుటలో సోపానము మఱుఁగుపడి విశేషగతులు మాత్రము మిగిలినవి.

ఇది జూదమా కాదా యనునొక శంక యాచారవంతులలో నప్పుడప్పుడు పుట్టుచుండును. ద్యూతశబ్దము ప్రాకృతమార్గమునఁ దెలుఁగులోఁ "జూదము" అయినది. పందెము సొమ్ము లేని పులిజూదమునకుఁ గూడ నాపేరు నిలిచినది కాన, తెలుఁగులో నామాటకు ఆట యనునంతటి సామాన్యార్థము కలదు. మనువు తొమ్మిదవ యధ్యాయమున నిర్జీవవస్తువులతో నాడునది ద్యూతమనియు, సజీవప్రాణులతో నాడించునది సమాహ్వయమనియు విభజించి, రాజు రెంటిని నివారింపవలెనని శాసించెను. పణము లేని వైకుంఠపాళికి ఆ దోషము తగులదు. ఐనను గవ్వ యనఁగానే జూదరి జ్ఞప్తికి వచ్చుట యొక్క మనదేశమునందే కాదు. ఆ సంగతి ముందు చెప్పెదను.

పటముపైఁ గాయలను నడపు నాటలు మనదేశమున నెంత ప్రాచీనములో వ్యాకరణమే చెప్పఁగలదు. పాణిని ద్వితీయాధ్యాయమున అవ్యయీభావప్రకరణమునందు అక్షపరి, శలాకాపరి యను రూపములను సాధించెను. పాచికయో శలాకయో యొకటి తప్పుగాఁ బడి యోడినవాని మాటలవి. పంచమాధ్యాయమున "అయానయీన" శబ్దమును సాధించెను. అయమనఁగాఁ గుడిగా నడచుట, అనయమనఁగా నెడమగా నడచుట యనియు, అట్లు నడచు కాయలకుఁ బరుల కాయలచే నాక్రమింపఁబడని స్థానము అయానయమనియు, అచటికిఁ జేర్పవలసిన కాయ అయానయీనమనియుఁ గాశికాకారుల వివరణము. వారు కాయకు శారశబ్దమును వాడిరి. మన నెత్తపు "సారె" దీని సంబంధియే. బౌద్ధుల దీఘనికాయమునఁ బ్రథమసుత్తమగు బ్రహ్మజాలమున బుద్ధుఁ డాడఁడని చెప్పఁబడిన క్రీడల పట్టిక కలదు. అందు ఎనిమిదేసి గడుల పటముమీఁది యాటయుఁ, బదేసి గడుల పటముమీఁది యాటయు మొదట నున్నవి.

కుడిగాను ఎడమగాను నడచు కాయ యనఁగానే వైకుంఠపాళియందలి మలుపుల నడక స్ఫురించును. పాణినికాలమునకే వైకుంఠపాళి కలదని వ్రాయుటకుఁ గలము తహతహ పడును. అది తగదు. కాశికలోని యాట పరుల కాయలనుండి తన కాయను గాపాడుకొనెడి పోరాటము; వైకుంఠపాళిలోఁ బరులకాయతోఁ బనియే లేదు. ఇచట శత్రువులు గడులలోనే యున్నారు. శబ్దసామ్యముచేతఁ గాలనిర్ణయము చేయు వాడుక మనవారిలోఁ గొంత ప్రబలినది కాన నింత చెప్పవలసివచ్చెను.

కర్తృవిషయమునను నిట్టి తొందరపాటే కానవచ్చుచున్నది. మహారాష్ట్రభక్తుఁడగు జ్ఞానదేవుఁడు 13వ శతాబ్దమున నీయాటను గల్పించెనని చాలమంది వ్రాయుచున్నారు. 1290లో జ్ఞానేశ్వరిని ముగించిన యా మహనీయునకు నీ పటమును గట్టిపెట్టుటకుఁ దగిన సమకాలిక నిదర్శన మెవ్వరును జూపలేదు. త్రివిష్టపమున సైత మిట్టి మోక్షక్రీడ యొకటి కలదు. దానిని శాక్యపండితుఁడు (1182–1251) చేసెనని యచటి సంప్రదాయము. రెండు దేశముల వారును 13వ శతాబ్దపు మహాత్ములనే కర్తలుగాఁ జెప్పుట గమనింపఁదగినది. మనలో దిక్కులేని చాటుపద్యములు శ్రీనాథునకో తెనాలి రామకృష్ణునకో చేరునట్లు, కర్త తెలియని యాటలు మహాత్ములను జేరుచుండును. కన్నులఁ జూడఁదగిన పటములలోఁ బ్రాచీనములు 18వ శతాబ్దివి. వీనిని గూర్చి యాండ్రూ టాప్స్‌ఫీల్డ్ అను నాంగ్లపండితుఁడు 1985లోను మఱల 2006లోను "ఆర్టిబస్ ఏసియే" పత్రికలో విపులముగా వ్రాసెను. ఉత్తరదేశమున దీనికి జ్ఞానచౌపడ్ అని పేరు. జైనులపటము 84 గడులది. వైష్ణవులపటము సామాన్యముగా 72 గడులది. సూఫీల పటము నూఱు గడులది. మేజర్ హెన్రీ డండస్ రాబర్ట్‌సన్ 1831లో లండను రాయల్ ఏషియాటిక్ సొసైటీ కిచ్చిన వైష్ణవపటమున 124 గడులు కలవు. గడులసంఖ్య మతమునుబట్టి మాఱుట చూడఁగా నిది యొక్క యాట కాదు, ఒక్క ఛందస్సున వ్రాయఁబడిన వేఱువేఱు కావ్యము లనవచ్చును.

వీనిలో 72 గడుల పాఠమును జదివి చూపెదను. హరీశ్ జోహారి 1975లో "లీలా" యను పేరఁ బ్రకటించిన పుస్తకము నందలి పాఠము నా కాధారము. ఎనిమిది వరుసలు, వరుసకుఁ దొమ్మిది గడులు. తొమ్మిది బేసిసంఖ్య కాన వరుస యెటు నడచినను నడిమి గడి యొక్కచోటనే నిలుచును. ఆ నడిమి గడులను గ్రిందినుండి మీఁదికిఁ జదువుఁడు: 5 భూలోకము, 14 భువర్లోకము, 23 స్వర్లోకము, 32 మహర్లోకము, 41 జనలోకము, 50 తపోలోకము, 59 సత్యలోకము, ఆపైన 68 వైకుంఠము. ఊర్ధ్వలోకము లేడును వెన్నెముకవలె నిలువునఁ బేర్చి, వానికి శిరస్సుగా వైకుంఠమును నిలిపినాఁడు పటకర్త. తక్కిన గడులలోని గుణదోషములు ఆయా లోకముల కిరుప్రక్కల వెలసినవి. ప్రతి వరుసయు నొక లోకమనుట చెప్పకయే తెలియును. వరుసలనో గడులనో యొక్కటి తగ్గించిన లేఖకునిచేత నీ వెన్నెముక విఱుగును. లెక్కకొఱకు గడులు గాక, యర్థముకొఱకు గడులు గీయఁబడిన వనుటకు నింతకన్న నిదర్శనమక్కఱలేదు.

నిచ్చెనలు మఱింత చిత్రములు. 10వ గడియందలి తపస్సు 23వది యగు స్వర్గమునకుఁ జేర్చును. 20వ గడియందలి దానము మహర్లోకమునకుఁ జేర్చును. 22వది ధర్మము, అది 60వ గడియగు సుబుద్ధికడకుఁ జేర్చును. 37వది జ్ఞానము, దాని నిచ్చెన 66వ గడియగు నానందముకడ నాఁగిపోవును. 54వది భక్తి, దాని నిచ్చెన సరిగా 68వ గడిలో, వైకుంఠముననే దిగవిడుచును. జ్ఞాననిచ్చెనకు వైకుంఠము రెండు గడుల దూరమున నుండఁగా భక్తినిచ్చెనకు దూరమే లేదు! ఇది యాదృచ్ఛికమని యనఁగలమా? మోక్షసాధనములలో నేది సాక్షాత్సాధనము, ఏది పరంపరాసాధనము అని యాచార్యులు తర్కించిన విషయమున నీ పటకర్త తన పక్షమును రెండు గీతలతోఁ దేల్చివేసెను. అద్వైతులు దీనికి వగవఁ బనిలేదు. ఆనందముననుండి రెండు పడినఁ జాలును.

భక్తిగడి యాఱవ వరుసకుఁ గొన. దానికి సరిగా మీఁద, నేడవ వరుసకు మొదట, 55వ గడిలో నేమున్నది? అహంకారము. అది పాముతల. దాని తోఁక 3వ గడియగు క్రోధముకడ నున్నది. భక్తికి వలసినదానికంటె నొక్కటి యెక్కువ పడినవాఁడు వైకుంఠమునకు మాఱుగా అడుగువరుసలోనికిఁ బడును. భక్తుని పొంచియుండు దోష మేదియో చెప్పుటకు వ్యాఖ్యాతలకుఁ బుటలు పట్టును. ఇచట నొక్క గవ్వ తేడా. అట్లే 24వ గడియందలి దుస్సంగము 7వది యగు మదమునకు దించును. 61వ గడియందలి దుర్బుద్ధి 13వది యగు నంతరిక్షమున విడుచును. 63వ గడియందలి తమస్సు 2వ గడియగు మాయలోఁ బడవేయును. సుబుద్ధిగడి 60, దుర్బుద్ధిగడి 61. ఇరుగుపొరుగు లనుట స్పష్టము.

అన్నింటికంటె విచారణీయమైనది పైవరుస. ఆట ముగియుచోటు కడపటి గడి యని మన మనుకొందుము. ఇచట నట్లు కాదు. వైకుంఠము 68, గడులు 72. వైకుంఠమును దాఁటినవాని గతి యేమి? 69వది బ్రహ్మలోకము, 70వది సత్త్వగుణము, 71వది రజోగుణము, 72వది తమోగుణము. ఆ తమోగుణము పాముతల. దాని తోఁక 51వ గడియగు పృథివిమీఁద నున్నది. గమ్యమును దాఁటి పోయినవాఁడు బ్రహ్మలోకమునందు నిలిచినను, గుణత్రయముగుండ నడచి భూమికి మరలవలసినదే. భగవద్గీత యెనిమిదవ యధ్యాయమునందలి 16వ శ్లోకమును దలఁచుకొన్నవారికి నిది యంతయు విశదమగును. బ్రహ్మభువనము మొదలుకొని లోకములన్నియుఁ బునరావృత్తి గలవనియు, భగవంతునిఁ బొందినవానికి మాత్రము పునర్జన్మము లేదనియుఁ గదా యచటి భావము. 17వ గడియందలి దయకు నిచ్చెన కలదు. అది పటమునఁ గల నిచ్చెనలలో మిక్కిలి పొడవైనది, 69వ గడికే చేర్చును. ఎంతటి పుణ్యము! ఐనను అది చేర్చునది బ్రహ్మలోకమునకు గాని వైకుంఠమునకుఁ గాదు. కాన మరలుట తప్పదు. పుణ్యలోకమునకును బరమపదమునకును గల భేదమును బదేండ్ల పిల్లవానికిఁ దెలియఁజెప్పుటకు నింతకన్న మంచి యుపాయము నాకుఁ గానరాదు. పాఠశాలలలో శ్లోకము వల్లెవేయించు నుపాధ్యాయులు ఈ నాలుగు గడులను నల్లబల్లమీఁద గీచి చూపినచో నర్థము తానే పట్టుపడును.

ఇఁక దెలుఁగుపటము. ఉత్తరపుఁ బాఠమునకును దీనికిని గల ప్రధానభేదమును వైయాకరణపరిభాషలోఁ జెప్పుట సులభము. అచటఁ బాములకు గుణవాచకములు పేళ్లు: అహంకారము, తమస్సు, దుర్బుద్ధి. ఇచట సంజ్ఞావాచకములు: రావణుఁడు, దుర్యోధనుఁడు, నరకాసురుఁడు మున్నగువారు. అచటిది శాస్త్రము, ఇచటిది పురాణము. దుర్బుద్ధి యన్నఁ బిల్లల కేమియుఁ దోఁపదు. దుర్యోధనుఁ డన్నఁ దోలుబొమ్మలాటలోఁ జూచిన రూపము కన్నులఁ గట్టును. ఆ పేరుగల పాము మ్రింగినప్పుడు పడుట యొక కథలోఁ బడుటయే యగును. మరల నెక్కుట యొక సాహసమగును. పెద్దలు పిల్లలు నొక్క చాపమీఁదఁ గూర్చుండి యాడుటకుఁ దెలుఁగుపాఠ మీ మార్పుచేత మిక్కిలి యనుకూలమైనది. శాస్త్రాంశము కొంత సడలినమాట నిజమే. ఐనను సాలోక్యాది ముక్తుల పేళ్లు మనవారు పైవరుసలలో నిలిపినారు; కావున సిద్ధాంతము పూర్ణముగాఁ బోలేదు.

శిరోభాగమునకుఁ జేరువగా నుండు "పెద్దపాము" తెలుఁగువాడుకలోనికి సామెతగా దిగినది. పనులన్నియుఁ జక్కఁబడి కడపటఁ జెడినవానిఁ బెద్దపాము మ్రింగినదందుము. కొన్ని పటములలో దీనికి "అరుకాసురుఁడు" అని పేరు వ్రాసియుండును. ఎవ్వఁడీ యరుకాసురుఁడు? పురాణప్రసిద్ధుఁడు కాఁడు. ఇతర సర్పములందఱి కథలను జెప్పఁగల యవ్వయు నీతని కథ యడిగిన నూరకుండును. నా యూహ యిది. ఇది యహంకారాసురశబ్దమునకు వికృతి. అహంకారాసురుఁడని గుణమునే యసురునిఁగా రూపించి యొక లేఖకుఁడు వ్రాసియుండును. నోటివాడుకలో హకారము జాఱుట, యక్షరములు తాఱుమాఱగుట తెలుఁగునఁ బరిపాటియే. 72 గడుల పాఠమున నహంకారమే భక్తికి మీఁదనుండి క్రోధమునకు దించు మహాసర్పమని పైని జూచితిమి. అర్థము చక్కఁగాఁ గుదురును. ఇది యూహయే, నిర్ణయము గాదు. పాతపటముల వ్రాఁతలను బోల్చినప్పుడు నిలుచునో పడునో తేలును. ఇట్టి ప్రశ్న యొకటి యుండుటయే పటమునకుఁ బాఠశోధన మవసరమనుటకుఁ జాలిన ప్రమాణము.

పటము సముద్రము దాఁటిన కథను గూడఁ జెప్పవలసియున్నది. ఐరోపావారికిఁ దమదైన వరుసగడుల యాట ముందే కలదు. 63 గడులుగల "పెద్దబాతు ఆట"ను ఫ్లారెన్సు ప్రభువగు ఫ్రాంచెస్కో మెదిచీ 16వ శతాబ్దపుఁ జివరిభాగమున స్పెయిను రాజగు రెండవ ఫిలిప్పునకుఁ బంపెను. 1597లో జాన్ వుల్ఫ్ లండనులో దీని ముద్రణాధికారమును నమోదు చేయించెను. అందు వంతెన, సత్రము, నూయి, చిక్కుదారి, చెఱసాల గడులలో వెలసియుండును. 58వ గడి మృత్యువు. అందుఁ బడినవాఁడు మొదటికి రావలెను. గమ్యమున కైదు గడుల దూరమున మృత్యువు నిలుచుట చూచినప్పుడు మన పెద్దపాము జ్ఞప్తికి రాకమానదు. ఒకరినుండి యొకరు గ్రహించిరని చెప్పుటకు నింతమాత్రము చాలదు. గెలుపు చేరువైనచోట భయమును నిలుపుట యాట గల్పించువారి సామాన్యధర్మము.

పిమ్మట నాంగ్లేయులు తమ పిల్లలకొఱకు నీతిపటములను ముద్రించిరి. 1790లో జాన్ వాలిస్, ఎలిజబెత్ న్యూబరీ ప్రకటించిన "మానవజీవితపుఁ గ్రొత్తయాట"లో 84 గడులు, గడికొక సంవత్సరముగా 84 ఏండ్ల యాయువు. జైనపటము 84 గడులది గదా యని యెవరైనఁ దొందరపడుదురేమో! ఇచటిది పండ్రెండేసి యేండ్ల భాగములు ఏడు. అచట 84 లక్షల యోనుల సంఖ్య స్ఫురించును. సంఖ్య యొక్కటి, వంశములు వేఱు. ఈ యాంగ్లపటమునఁ బాచికలకు మాఱుగా బొంగరమువలెఁ ద్రిప్పు నంకెల బిళ్లను వాడుఁడని విధించిరి. గృహస్థుల యిండ్లలోనికిఁ బాచికలపెట్టె రాకుండుటకట! పాచిక యనఁగానే జూదరి జ్ఞప్తికి వచ్చుట యన్ని దేశములకు సమానమని పైని జెప్పినది యిందులకే. 1818లో "సద్గుణమునకు బహుమానము, దుర్గుణమునకు శిక్ష" యను నర్థముగల పేరుతో మఱియొక పటము వెడలెను.

ఇట్టి గృహములలోనికి మన పటము 1892 ప్రాంతమునఁ బ్రవేశించెను. మొదట వారును బేళ్లుంచిరి. మన భక్తి, వైరాగ్యములు పోయి పొదుపు, పశ్చాత్తాపము, పరిశ్రమ నిచ్చెనలైనవి. సోమరితనము, అవిధేయత పాములైనవి. సోమరి దారిద్ర్యమునకు దిగును. ఇది యనువాదదోషము గాదు, అది యొక క్రొత్తగ్రంథము. వారి ధర్మము వారు వ్రాసికొనిరి. తరువాత నాపేళ్లును జాఱిపోయినవి. పాములకును నిచ్చెనలకును సంఖ్యను సమానము చేయుటయు వాడుకయైనది. నూఱు గడులు, నూఱు అంకెలు మిగిలినవి. 1943లో నమెరికాలోని మిల్టన్ బ్రాడ్లీ సంస్థ పాములను సైతము తీసివేసి పిల్లలు జాఱుకొను బల్లలను జిత్రించెను. వైకుంఠము లేదు, అహంకారము లేదు, తుదకుఁ బామును లేదు.

ఆశ్చర్యమేమనఁగా నదే సంస్థ 1989లో "హీరోక్వెస్ట్" అను సాహసక్రీడాపటమును వెలయించినది. అందు నలుగురు వీరులు భూగర్భమందిరములలోఁ జొచ్చి భూతములతోఁ బోరుదురు; ఒక యాటగాఁడు దుష్టమాంత్రికుని పక్షమున నిలిచి కథను నడపును. పేళ్లు, కథ, రాక్షసులు, నిధులు అన్నియు మఱలివచ్చినవి. పేరులేని గడిపై నడచుట విసుగు పుట్టించెనో యేమో! ఇంటిల్లిపాదియుఁ గూర్చుండి యాడు నద్భుతకథాక్రీడ యని వారు క్రొత్తగా నమ్మినది మన యవ్వలు చాపమీఁదఁ బఱచినదే. ఐతే మన పటమున రాక్షసునిఁ జంపుటకుఁ గత్తి లేదు. వానిఁ దప్పించుకొని నడచుటయే కలదు. ఈ భేదము చిన్నది గాదు.

పరులను నిందించి లాభము లేదు. మన ముద్రాపకులును లూడోపటము వెనుక నూఱంకెల గడులు ముద్రించి దానికే వైకుంఠపాళి యని పేరు పెట్టి యమ్ముచున్నారు. వైకుంఠమని యెచటను వ్రాయరు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన తమ ఆంధ్రుల సాంఘికచరిత్రమున నాటలకుఁ దగిన చోటిచ్చి త్రోవ చూపిరి. అయ్యలరాజు నారాయణామాత్యుఁడు హంసవింశతిలో నాటల పేళ్ల నెన్నింటినో కూర్చెను. ఆ పేళ్లను బట్టి నిఘంటుకారులు పనిచేసిరి. పటములను బట్టి మాత్రము పని జరుగవలసియున్నది.

చేయవలసినది కష్టమైనది కాదు. ఇండ్లలో మూలఁబడియున్న పాతపటములను దెప్పించి, ప్రతి గడి యంకెను, అందలి వ్రాఁతను ఉన్నదున్నట్లు, తప్పులతోడనే యెత్తి వ్రాయవలెను, దిద్దరాదు. "అరుకాసురుఁడు" అని యున్నచో నట్లే వ్రాయవలెను. "అహంకారాసురుఁడు" అని నేఁ జెప్పితినని మార్పరాదు. ప్రతి పామునకుఁ దలగడి, తోఁకగడి, ప్రతి నిచ్చెనకు మొదలు, కొన గుర్తింపవలెను. బొమ్మ చక్కఁగా లేదని వదలరాదు; బొమ్మ చక్కనిదని వ్రాఁతను విడిచి ఛాయాచిత్రమును మాత్రము తీయించుకొనరాదు. ఆడునప్పుడు చెప్పుకొను మాటలను ముసలివారి నోటనే విని వ్రాసికొనవలెను. ముఖ్యముగా వైకుంఠపు గడి కావల నేయే గడులున్నవో, వానిలో నేమి వ్రాసియున్నదో చూడవలెను. అచటనే పాఠములు విడిపోవును. మడిచిపెట్టిన పటములలో మొదటఁ జినుఁగునదియు నా పైయంచే.